స్పందించని నిమ్మచెట్లు

ఇసుకవాగు మండలంలో గణాంక అధికారిగా పనిచేసే ఏసురత్నానికి లెక్కపెట్టడం బాగా వచ్చు. పదమూడేళ్ళ సర్వీసులో ఆయన సంపాదించుకున్న పేరు అదొక్కటే. నిమ్మతోటలోకి దిగాడంటే ముళ్ళు గీసుకోకుండా పొడుగు చేతుల చొక్కా గుండీలు బిగించుకుని, తోటకు పది చెట్లు ఎంచుకుని, ఒక్కో చెట్టుకు నాలుగు దిక్కులా నాలుగు కొమ్మలు పట్టుకుని, పిందెను పిందెగా, కాయను కాయగా లెక్కపెట్టేవాడు. మధ్యలో ఎవరైనా "కాఫీ తాగుతారా సార్" అన్నారంటే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అందుకని రైతులు ఆయన తోటలో ఉన్నంతసేపూ నోరెత్తేవాళ్ళు కారు. బయటికొచ్చాక మజ్జిగ చేతికిచ్చి, అప్పుడు నోళ్ళు విప్పేవాళ్ళు.

అట్లాంటి మనిషికి ఒక ఫాల్గుణమాసంలో జిల్లా కేంద్రం నుంచి పిలుపొచ్చింది. ఇకమీదట లెక్కపెట్టాల్సిన పనిలేదట. ఆ సంగతి చెప్పడానికి రాజధాని నుంచి ధరల-దిగుబడుల అంచనా సంస్థ డైరెక్టరు డాక్టర్ సుందరశివరావుగారు స్వయంగా వస్తున్నారట.

డైరెక్టరుగారు వేదిక మీద నిలబడి, గోడమీద ఒక గీత వేసి చూపించారు. గీత కింది నుంచి పైకి పోతూ ఉంది.

"మిత్రులారా! రైతు అనగా ధరకు స్పందించు జీవి. ధర నూటికి పది పెరిగిన యెడల, దిగుబడి నూటికి ఏడు పెరుగును. ధర పది తగ్గిన యెడల, దిగుబడి ఏడు తగ్గును. దీనినే మేము ప్రతిస్పందన గుణకం అంటున్నాము. ఈ గీతే మా నమూనా. ఇన్నేళ్ళుగా మీరు ఎండలో నిలబడి కాయలు లెక్కపెట్టారు. పాపం! ఇకపై మీరు ధర చెప్పండి, కాయలు మేము చెబుతాము."

హాలంతా చప్పట్లు. ఏసురత్నం కూడా కొట్టాడు. తర్వాత చెయ్యెత్తాడు.

"సార్, ఈ లెక్క ఏ పంట మీద కట్టారండీ?"

"పాలకూర. నగరం చుట్టుపక్కల మూడేళ్ళ గణాంకాలు. అత్యంత నాణ్యమైన గణాంకాలు."

"మాది నిమ్మ సార్. పాలకూర నెల్లాళ్ళకి కోతకొస్తుంది. నిమ్మచెట్టు..."

"రత్నంగారూ," డైరెక్టరుగారు ప్రేమగా నవ్వారు. "సూత్రం అనగా సర్వత్రా వర్తించేది. రెండూ ఆకుపచ్చనివే కదా?"

మళ్ళీ చప్పట్లు. ఏసురత్నం కూర్చున్నాడు.

చైత్రం వచ్చేసరికి నిమ్మకాయ రేటు నూటికి నలభై పెరిగింది. రాజధానిలో కంప్యూటరు మీట నొక్కారు. ఇసుకవాగు మండలంలో నిమ్మ దిగుబడి నూటికి ఇరవై ఎనిమిది పెరిగిందని అది చెప్పింది. ఆ మాట పత్రికల్లో కూడా వచ్చింది. ఏసురత్నం మాత్రం పాత అలవాటు కొద్దీ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని తోటల్లోకి పోయాడు. పది చెట్లు, నాలుగు దిక్కులు, కొమ్మ కొమ్మా చూశాడు. కాపు కిందటేటికంటే నూటికి పద్దెనిమిది తగ్గింది. తన కళ్ళను తానే అనుమానించి, మర్నాడు మళ్ళీ పోయి లెక్కపెట్టాడు. తగ్గింది పద్దెనిమిదే.

ఉన్నదున్నట్టు రాసి పంపాడు. నాలుగో రోజున మెమో వచ్చింది.

"తమరు సమర్పించిన నివేదిక నమూనాకు విరుద్ధముగా నున్నది. కావున క్షేత్రమును సరిచేసి, సదరు నివేదికను తిరిగి సమర్పించవలసినదిగా ఆదేశించడమైనది."

క్షేత్రాన్ని సరిచేయడమంటే ఏమిటో ఏసురత్నానికి తెలియలేదు. కాగితంలో అంకె మార్చడం తెలుసు గానీ, మార్చబుద్ధి కాలేదు. ఇంట్లో భోంచేస్తూ ఆలోచించి, మర్నాడు ఇట్లా రాశాడు: "క్షేత్రములో నూటికి పద్దెనిమిది తగ్గినది. నమూనాలో నూటికి ఇరవై ఎనిమిది పెరిగినది. రెండింటినీ జతపరచడమైనది." ఉద్యోగం పోకుండా, అబద్ధం ఆడకుండా ఇంతకంటే ఏం రాయాలో ఆయనకు తోచలేదు.

జతపరచింది చూసి సంస్థలో పెద్ద చర్చ జరిగింది. నమూనా తప్పయ్యే అవకాశం లేదు. దానికి అప్పటికే ఒక బహుమతి వచ్చింది. ఏసురత్నం లెక్క కూడా తప్పు కాదని జిల్లా అధికారి భయం భయంగా చెప్పాడు. ఇక మిగిలింది రైతులు. వారం తిరక్కుండా మండలంలోని నూట నలభై మంది నిమ్మరైతులకు నోటీసులు వచ్చాయి. "ధర పెరిగిననూ తమరు స్పందించకపోవుటకు గల కారణములను ఏడు దినముల లోపల లిఖితపూర్వకముగా తెలియజేయవలెను."

నోటీసులు పంచే పని ఏసురత్నానిదే. జవాబులు తీసుకునే పనీ ఆయనదే. రాయడం రాని వాళ్ళు చాలామంది ఉన్నారు గనక జవాబులు రాసిపెట్టే పని కూడా ఆయన నెత్తినే పడింది. ఒకాయన "నేను ఆ రోజు ఊళ్ళో లేను" అని రాయించాడు. ఇంకొకాయన "స్పందించినాను, నా భార్య సాక్షి" అన్నాడు.

పెంచలపాడు మస్తానయ్యకు రెండెకరాల్లో రెండు వందల పది చెట్లున్నాయి. బక్కపలచని మనిషి. నోటీసు చదివించుకుని, తలగుడ్డ తీసి దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"రాసుకోండి సార్. రేటు పెరిగిందని తెలిసిన పూటే స్పందించినాను. తోటలోకి పోయి, చెట్టు చెట్టు కిందా నిలబడి పైకి చూసినాను. కాయల్లేవు. కార్తీకంలో వాయుగుండం పట్టి పూతంతా రాలగొట్టింది గదా, యాడుంటాయి? అయ్యా, రేటు పెరిగినాక కాయ తగ్గలేదు. కాయ తగ్గింది గాబట్టే రేటు పెరిగింది. ఇది మా పెంచలమ్మకి గూడా తెలుసు."

"మధ్యలో నేనెందుకు?" అంది పొయ్యి దగ్గర్నుంచి మస్తానయ్య భార్య పెంచలమ్మ. "సారూ, నా పేరు తీసేయండి. నాగ్గూడా నోటీసు పంపిస్తారు."

ఏసురత్నం ఆవిడ పేరు కొట్టేసి మిగతాది ఉన్నదున్నట్టు రాశాడు.

ఆ జవాబు డైరెక్టరుగారిని కదిలించింది. వైశాఖం ఎండల్లో, చల్లటి కారు వేసుకుని, ఇద్దరు సహాయకులతో పెంచలపాడుకు దిగారు. మస్తానయ్య తోటలో తాటాకు పందిరి కింద కుర్చీ వేశారు. విచారణ మొదలైంది.

"ధర పెరిగిందని తెలిసిన తర్వాత తమరు చేపట్టిన చర్యలేమిటి?"

"పాదులు తవ్వినా సార్. పశువుల ఎరువు వేసినా. బోరు అడుగంటుతుంటే పక్కతోట నుంచి పైపు లాగి నీళ్ళు పెట్టినా."

డైరెక్టరుగారు సహాయకుడి వైపు తిరిగారు. "రాయండి. రైతు స్పందించెను." తర్వాత లేచి ఒక చెట్టు చుట్టూ ప్రదక్షిణంగా తిరిగారు. కొమ్మ పట్టుకోబోయి, ముల్లు గుచ్చుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "రైతు స్పందించెను, చెట్టు స్పందించలేదు. లోపం ఇక్కడ ఉన్నదన్న మాట!"

"కాయ తగ్గబట్టే రేటు పెరిగిందని మనవి చేశారు సార్ వీరు," అన్నాడు ఏసురత్నం మెల్లగా.

"చూశాను. వారు గీతను అవతలి కొస నుంచి చదువుతున్నారు. మనం ఇవతలి కొస నుంచి చదవాలి," అని, డైరెక్టరుగారు చెట్టును తేరిపార చూశారు. "రత్నంగారూ, ఒక్క ప్రశ్న. ఈ చెట్టుకు ధర తెలుసా?"

మస్తానయ్య చెట్టు వైపు చూశాడు, డైరెక్టరు వైపు చూశాడు, ఆఖరికి ఏసురత్నం వైపు చూశాడు.

"తెలియదు సార్," అన్నాడు ఏసురత్నం. అబద్ధమాడే అలవాటు లేని మనిషి గదా.

"అదీ సంగతి! దీనిని సమాచార లోపం అంటారు."

పది రోజుల్లో 'వృక్షస్థాయి ధరల సమాచార పథకం' అమల్లోకి వచ్చింది. ప్రతి చెట్టుకూ ఒక రేకు పలక తగిలించాలి. దాని మీద ఆనాటి ధర సుద్దముక్కతో రాయాలి. అంతటితో ఆగితే సరిపోయేదే. చెట్లకు చదువు రాకపోవచ్చునని సంస్థలో ఎవరికో సందేహం కలిగి, రోజూ పొద్దున ఏడు గంటలకు మైకులో కూడా చదివి వినిపించాలని అనుబంధ ఉత్తర్వు జారీ అయింది. ప్రయోగానికి మస్తానయ్య తోటను ఎంచుకున్నారు. చదవాల్సింది ఏసురత్నం.

మొదటి రోజు ఆయన చుట్టూ చూసి, దారినపోయే వాళ్ళెవరూ లేరని రూఢి చేసుకుని, మైకు దగ్గరికి పెట్టుకున్నాడు. "నిమ్మ. మొదటి రకం. కిలో నూట పది రూపాయలు. రెండో రకం తొంభై." చెట్లు విన్నాయి. ఒక గోరువంక ఎగిరిపోయింది. వెంటనే గట్టు మీద కట్టేసిన బర్రె తాడు తెంపుకుని పరుగందుకుంది.

సాయంత్రానికి పెంచలమ్మ చెంబు బోర్లించి చూపించింది. "చూడండి సారూ, మీ అరుపులకి బర్రె పాలు ఎగ్గొట్టింది. నిమ్మచెట్లకి రేటు చెప్పడమేంది? చెప్తే బర్రెకి చెప్పండి, దానికన్నా చెవులుండాయి."

"గట్టిగా అనకమ్మా," అన్నాడు ఏసురత్నం. "ఎవరన్నా వింటే అదొక పథకమవుతుంది."

సిగ్గు ఎన్నాళ్ళో ఉండదు. పది రోజులయ్యేసరికి ఏసురత్నానికి చదవడం అలవాటైపోయింది. ఒకరోజు ధర నాలుగు రూపాయలు తగ్గింది. ఆ అంకె దగ్గర తన గొంతు తనకు తెలియకుండానే నెమ్మదించడం ఆయన గమనించాడు. చెట్లు బాధపడతాయేమోనని తగ్గించాడన్న మాట. ఆ రోజు ఇంటికి పోయి, అన్నం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పదమూడేళ్ళు చెట్టు చెప్పేది తను విన్నాడు. ఇప్పుడు తను చెప్పేది చెట్టు వింటోంది. తను చదువుకున్నది ఇందుకోసమేనా అనిపించింది.

ఆషాఢంలో వాన పడింది. బీటలు వారిన నేల గుక్క తిప్పుకోకుండా తాగింది. పదిహేను రోజులకు తోటంతా తెల్లటి పూత విరగబూసింది. ఆ వాసన రోడ్డు దాకా వచ్చింది. అట్లా పూస్తుందని నిమ్మతోట ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలుసు, ఒక్క సంస్థలో తప్ప.

డైరెక్టరుగారు పూలదండతో వచ్చారు. ఆ దండ రైతుకు కాదు, ఒక చెట్టుకు వేశారు. ఈసారి ముళ్ళు చూసుకుని, దూరం నుంచి విసిరారు. ఫొటోలు తీశారు. "యాభై రోజుల ధరల ప్రసారం ఫలితంగా వృక్షజాతిలో తొలిసారిగా ఆర్థిక చైతన్యం ఉదయించినది," అని ప్రసంగించారు.

మస్తానయ్య ఏసురత్నం చెవి దగ్గరికొచ్చాడు. "వాన పడింది గదా సార్?"

"పడింది. నివేదికలో వానకు గడి లేదు మస్తానయ్యా."

ఆ పూత పిందె కట్టి, మార్గశిరం చలికి కాయ ఎదిగింది. వాయుగుండం ఈసారి వేరే తీరానికి పోయింది. కొమ్మలు నేలకు తగిలేంత కాపు. ఏసురత్నం పది చెట్లు చూసి, మూడో చెట్టు దగ్గరే సంతోషంతో లెక్క తప్పి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. అయితే చలికాలంలో నిమ్మకాయ అడిగేవాడెవడు? పైగా అందరి తోటలూ కాశాయి. ధర సగానికి సగం పడిపోయింది.

పడితే పడింది, ఉన్నంతలో అమ్ముకుందామని రైతులు సిద్ధపడ్డారు. కానీ రాజధానిలో మళ్ళీ మీట నొక్కారు. ధర నూటికి యాభై తగ్గింది గనక, దిగుబడి నూటికి ముప్పై ఐదు తగ్గినట్టు కంప్యూటరు చెప్పింది. తగ్గిపోయిన కాయలు మార్కెట్టుకు రావడమంటే అక్రమం కిందే లెక్క. యార్డులన్నిటికీ ఉత్తర్వు వెళ్ళింది. "తీసుకువచ్చిన ప్రతి నూరు బస్తాలకు అరవై ఐదు మాత్రమే అనుమతించవలెను. మిగిలినవి అంచనాకు మించిన ఫలసాయముగా పరిగణించి, గేటు వెలుపలనే నిలుపవలెను."

ఆ రోజు మస్తానయ్య ఇరవై బస్తాలు ట్రాక్టరులో వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర కాపలాదారు ఖాదర్ బాషా పదమూడు బస్తాలు లోపలికి పంపి, గొలుసు అడ్డం వేశాడు. ఆపడానికి అతనికి కూడా ఇష్టం లేదు. అతని వెనక యార్డు కార్యదర్శి ఉత్తర్వు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ ఏడు బస్తాలు?" అన్నాడు మస్తానయ్య.

"ఇవి కాయలేదు," అన్నాడు కార్యదర్శి. "ఉత్తర్వు ప్రకారం ఇవి కాయలేదయ్యా. నువ్వు కూడా కాయలేదనుకో. మనసుకు తేలిగ్గా ఉంటుంది."

మస్తానయ్య కేకలు వెయ్యలేదు. చొక్కా చేతులు పైకి మడిచి రెండు చేతులూ చాపాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా గీతలు. కొన్ని ఎండినవి, కొన్ని ఆ పొద్దున పడ్డవి. "కాయని కాయలైతే, నన్ను గీరిన ముళ్ళు ఏ చెట్టువి సార్?"

కార్యదర్శి ఉత్తర్వులో ఆ ప్రశ్నకు జవాబు వెతికాడు.

అప్పటికే గేటు బయట వంద బస్తాలు పైగా పోగుపడ్డాయి. ఎండకు మగ్గుతున్న నిమ్మ వాసన వస్తోంది. ఇంకో రెండు రోజులుంటే అవి పశువులు కూడా ముట్టనివవుతాయి. కబురు తెలిసి యార్డుకొచ్చిన ఏసురత్నం ఒక బస్తా మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ కాయల్లో తను కొమ్మ మీద ఒక్కొక్కటిగా లెక్కపెట్టినవీ ఉన్నాయి. ఆయనకు కోపం తెచ్చుకోవడం చేతకాదు, చేతనైందల్లా లెక్కే. కాసేపు వేళ్ళు ముడిచి ఏదో కూడుకుని, తీసేసుకుని, ఫోను తీసి డైరెక్టరుగారికి చేశాడు.

"సార్, మొన్న వేసవిలో మన నమూనా ప్రకారం నూటికి ఇరవై ఎనిమిది కాయలు పెరగాలి. పెరగలేదు. అవి ఏమైపోయాయంటారు?"

ఆ ప్రశ్న సంస్థలో ఎనిమిది నెలలుగా ఎవరూ ఎత్తని ప్రశ్న.

"అవే ఇవి సార్," అన్నాడు ఏసురత్నం ఒక్క గుక్కలో. "చెట్లు స్పందించాయి. స్పందన చేరడం ఆలస్యమైంది. వేసవి కాయలు ఇప్పుడొచ్చాయి. వీటిని ఆపితే మన వేసవి అంచనా ఎప్పటికీ తప్పుగానే ఉండిపోతుంది. లోపలికి పంపితే అప్పటి లెక్కా సరిపోతుంది, ఇప్పటి లెక్కా సరిపోతుంది."

అవతల డైరెక్టరుగారు ఆనందంతో కేక పెట్టారు. "కాలవిలంబిత ప్రతిస్పందన! రత్నంగారూ, ఇది నేను ఎప్పటినుంచో అనుకుంటున్నదే!"

గంటలో ఉత్తర్వు రద్దయింది. ఖాదర్ బాషా గొలుసు తీసి దూరంగా విసిరేశాడు. ఏడు బస్తాలూ లోపలికి పోయాయి. రేటు తక్కువే పలికింది. అయినా మస్తానయ్య ఖాళీ ట్రాక్టరుతో ఇంటికి పోతూ పాట పాడాడని, అది ఏ పాటో ఎవరికీ అర్థం కాలేదని ఖాదర్ బాషా తర్వాత చెప్పాడు.

ఏసురత్నం సంస్థకు హీరో అయ్యాడు. మైకు వెనక్కి పంపించేయవచ్చునని కాగితం వచ్చింది. బర్రె మళ్ళీ పాలివ్వడం మొదలుపెట్టింది. అంతా సద్దుమణిగిందనుకుంటుండగా డైరెక్టరుగారు ఫోను చేశారు.

"రత్నంగారూ, కొత్త నమూనా దాదాపు సిద్ధమైనది. ఒక్క అంకె కావాలి. కొత్త తోటల విషయంలో విలంబనం ఎంత? అనగా, ధర చూసి రైతు మొక్క నాటిన పిమ్మట, కాయ రావడానికి ఎన్ని నెలలు?"

ఈ ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఎంత బాగుండేదని ఏసురత్నం అనుకున్నాడు గానీ, పైకి అనలేదు. పెంచలపాడు పోయాడు. మస్తానయ్య అర ఎకరంలో కొత్తగా గుంతలు తీసి, నిమ్మ అంటుమొక్కలు నాటుతున్నాడు. ప్రశ్న విని, చేతి మట్టి దులుపుకుని చెప్పాడు. "నాలుగో ఏడు నాలుగు కాయలు కనపడతాయి సార్. బస్తాకెత్తాలంటే ఐదేళ్ళు."

ఏసురత్నం అక్కడి నుంచే ఫోను చేసి ఐదేళ్ళని చెప్పాడు.

"ఐదేళ్ళా!" డైరెక్టరుగారు నొచ్చుకున్నారు. "అట్లా కుదరదు. నా పదవీ విరమణకు ముప్పై నెలలే ఉన్నది. ఫలితం నా హయాంలోనే రావాలి. ముప్పై నెలలని వేసుకోండి. రైతుకు కూడా నచ్చజెప్పండి. చెట్టుకు చెప్పవలసింది చెప్పమనండి."

"సరే సార్," అని ఫోను పెట్టేసి, ఏసురత్నం ఆ మాటలు ఉన్నవున్నట్టు మస్తానయ్యకు చెప్పాడు.

మస్తానయ్య చేతిలోని అంటును గుంతలో పెట్టి, చుట్టూ మట్టి కప్పి, పాదంతో మెత్తగా అదిమాడు. చెంబుడు నీళ్ళు పోశాడు. అవి ఇంకిపోయేదాకా చూశాడు.

"చెట్టుకి నేను చెప్పలేను సార్," అన్నాడు. "ఆయన్నే ఇంకో రెండున్నరేళ్ళు ఉద్యోగంలో ఉండమనండి. అదే తేలిక."